గుడి కదలినను చోటు కదలదు
(ఒక గ్రామసభయందు చేసిన ప్రసంగపాఠము)



మన పల్లెలలో క్రొత్తగా గుడి కట్టదలచినపుడు పెద్దలు మొట్టమొదట ఆలోచించునది వ్యయమును గూర్చి కాదు, తావును గూర్చి. ఊరి నడుమ రామాలయము, పొలిమేరయందు పోలేరమ్మ, చెరువుకట్టపై కట్టమైసమ్మ - ఇట్లు ఒక్కొక్క దేవతకు ఒక్కొక్క చోటు ఏర్పడియున్నది. తెలంగాణమున ఊరి నడుమ బొడ్రాయి పాతనిదే అది ఊరు కాదు. మసీదు మక్కా దిక్కునకు, అనగా మన దేశమున పడమటికి, అభిముఖముగా నుండును. కట్టడము ఏ మతమువారిదైనను దాని పవిత్రతలో సగము రాతియందును, సగము చోటునందును ఉన్నదని చెప్పవచ్చును.

ఇది పండితులకు మాత్రమే చెందిన చర్చ కాదు. జలాశయము నిర్మించునపుడు, రహదారి వెడల్పు చేయునపుడు, పాతగుడి పడగొట్టి క్రొత్తది కట్టునపుడు ఈ ప్రశ్న ఏ గ్రామమునకైనను ఎదురగును. గుడిని కదల్పవచ్చునా? కదల్చినచో దక్కునదేమి, పోవునదేమి? కృష్ణానదిపై నిర్మింపబడిన రెండు గొప్ప జలాశయముల తీరమున ఈ ప్రశ్నకు వేర్వేరు సమాధానములు మనకు కనబడుచున్నవి. వానిని మీకు మనవి చేసెదను.

మొదటిది నాగార్జునకొండ. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను. జలాశయము నిండినచో ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి మునిగిపోవును. క్రీ.శ. 3, 4 శతాబ్దులనాటి బౌద్ధస్తూపములు, విహారములు, దేవాలయములు, స్నానఘట్టములు ఆ లోయలో నుండెను. కావున 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు దానిని విస్తృతముగా త్రవ్వి పరిశోధించిరి. ముఖ్యమైన కొన్ని కట్టడములను విడదీసి కొండమీదను, గట్టుననున్న అనుపు వద్దను తిరిగి నిలిపిరి. మరికొన్నింటికి నమూనాలు కట్టిరి. నేడు ఆ కొండ నీటి నడుమ ద్వీపమై, పడవపై పోయి చూడవలసినదైనది. శిల్పములు వస్తుప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి. కాని విహారము నుండి స్తూపమునకు, స్తూపము నుండి నదికి భిక్షువులు నడచిన దారులు పటములయందు మాత్రమే మిగిలినవి.

రెండవది కూడవెల్లి. తుంగభద్ర కృష్ణలో కలియుచోట, ఈ గ్రామమున, చాళుక్యులనాటి సంగమేశ్వరాలయ ముండెను. సంగమేశ్వరుడనగా నదుల కూడలికి ప్రభువు. శ్రీశైల జలాశయమున మునుగవలసిన ఆ ఆలయమును రాళ్ళకు అంకెలు వేసి, విప్పి, అలంపురమునకు తరలించి, తిరిగి కూర్చిరి. ఇది పనివారి నేర్పునకు గొప్ప నిదర్శనము. గోడలు, గూళ్ళు, శిఖరము పూర్వమువలెనే యున్నవి. అయితే గర్భగుడి నుండి వెలుపలికి వచ్చిన భక్తునకు ఎదుట సంగమము లేదు. పేరు మాత్రము సంగమేశ్వరుడనియే.

మూడవది అలంపురమే. ఇది శ్రీశైలమునకు పశ్చిమద్వారము. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, ఉత్తరమున ఉమామహేశ్వరము తక్కిన ద్వారములు. ఇట్లు కొండచుట్టును నాలుగు దిక్కుల గుమ్మములు నిలిపిన మన పూర్వులకు నల్లమల యంతయు ఒకే ఆలయము. గుమ్మమును పెరికి మరియొకచోట నాటినచో అది గుమ్మమగునా? బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దులలో కట్టించిన నవబ్రహ్మాలయములను కదల్పక, జలాశయపు నీరు లోనికి రాకుండ తుంగభద్ర యొడ్డున కట్ట పోసి, ఉన్నచోటనే కాపాడిరి. గుడికిని నదికిని నడుమ కట్ట అడ్డమైనది. అయినను గుడి తన చోటున నిలిచినది.

ఆ ఊరి జోగులాంబ కథ ఇంకను గమనింపదగినది. అమ్మవారి పూర్వాలయము నాశనము కాగా, మూర్తి శతాబ్దములపాటు బాలబ్రహ్మేశ్వరాలయమున పూజ లందుకొనెను. ఇంతకాలము గడచినను ప్రజలు పూర్వస్థలమును మరువలేదు. 2005లో ఆ స్థలముననే నూతనాలయము వెలసెను. రాళ్ళు చెదరిపోయినను జనుల జ్ఞాపకము తావును నిలిపినది.

నాలుగవది నేటి నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరము. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి అను ఏడు నదుల సంగమమని దీనికి ప్రసిద్ధి. ఇచ్చటి లింగము శిలతో గాక వేపదారువుతో చేసినదని చెప్పుదురు. శ్రీశైల జలాశయము నిండినపుడు ఈ ఆలయము నీటిలో మునిగియుండును. నీరు చాలినంత తగ్గిన వేసవి మాసములలో శిఖరము మొదట, పిదప ప్రాకారము, చివరకు గర్భగుడి బయటపడును. అపుడు భక్తులు ఒండ్రుమట్టిని తోడివేసి అర్చన ప్రారంభింతురు. మరల నీరు మెట్లెక్కువరకు పూజలు జరుగును. సంవత్సరమున కొన్ని దినములే దర్శనమైనను జనులు ఆ చోటును విడువలేదు.

నేను జలాశయములు వలదని చెప్పుటలేదు. ఆ నీటితో లక్షల ఎకరములు పండుచున్నవి, దీపములు వెలుగుచున్నవి. శ్రీశైల జలాశయమునకై సుమారు 100 గ్రామములవారు ఇండ్లను, పొలములను వదలిరి. గుడులకు అంకెలు వేసి తరలింపగలిగితిమి. పోలేరమ్మ రాతికి, వేపచెట్టునకు, తాతముత్తాతల సమాధులకు అంకెలు వేసినవారు లేరు. ఒకరు ఇచ్చినదేమో ఎరుగక మరియొకరు దాని ఫలమనుభవించుట న్యాయము కాదు.

2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టము ఈ విషయమును కొంత గుర్తించినది. పునరావాస గ్రామమున ప్రతి 50 కుటుంబములకు ఆరాధనాస్థలమును, రచ్చబండవంటి చెట్టుక్రింది అరుగును, ఆయా కులములవారి ఆచారము ననుసరించి శ్మశానమును ఏర్పరుపవలెనని అందు నిర్దేశింపబడినది. ఇట్టి హక్కు కలదని ముంపుగ్రామములవారు తెలిసికొని, గ్రామసభలో అడుగవలెను. అయితే చట్టము స్థలము నిచ్చును. ఏ దేవత ఏ దిక్కున నుండవలెనో చెప్పవలసినవారు గ్రామస్థులే.

ముంపు లేని గ్రామములవారికిని ఒక విన్నపము. జీర్ణోద్ధరణ పేరిట పాతగుడిని ముట్టుకొనుటకు ముందు పురావస్తుశాఖవారిని సంప్రదింపుడు. గోడలను, స్తంభములను కొలిచి ఛాయాచిత్రములు తీయించుడు. శాసనములపై సున్నము, రంగు, సిమెంటు పూయకుడు. అంతకంటె ముఖ్యముగా, వృద్ధులను కూర్చుండబెట్టి అడుగుడు: ఈ గుడి ఇచ్చటనే ఏల వెలసినది? అభిషేకజలము ఏ బావి నుండి తెచ్చెడివారు? జాతరనాడు ఊరేగింపు ఏ దారిన పోవును, ఎచ్చట ఆగును? వారి మాటలను ఒక పుస్తకమున వ్రాయించి పంచాయతీ కార్యాలయమున భద్రపరచుడు. రాతిని కొలుచుటకు ఇంజనీరు దొరకును. చోటు కథను చెప్పగల వృద్ధులు మాత్రము ఏటేట తగ్గిపోవుచున్నారు. ఈ పనిని రానున్న గ్రామసభలోనే తీర్మానించి, ఈ సంవత్సరముననే మొదలిడవలెనని కోరుచున్నాను.