కారము – కుటుంబము – ఖాతాపుస్తకము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి పండుగనాడు నేను ఏ ప్రబంధమును గూర్చియో ప్రసంగింతునని కొందరు మిత్రులు తలచిరి. నేను కారమును గూర్చి మాటలాడ బూనితిని. లెక్కలు వ్రాయువానికి కారముతో పనియేమని నవ్వవలదు. జీడిమెట్ల పేరు పారిశ్రామికవాడవలన నలుదిక్కుల తెలిసినది. ఆ కర్మాగారముల నీడనే, మన వీథులలో, ఇంటిలో పచ్చళ్లు పెట్టి అపార్టుమెంట్లవారికి అమ్ముకొను తల్లులు గలరు. లెక్కల నిమిత్తము నాయొద్దకు వచ్చినపుడు వారడుగు ప్రశ్న యొకటే: "అయ్యా, ఇది మాతోనే పోవునా, పిల్లల కాలమునకు నిలుచునా?" ఆ ప్రశ్నకు, కారమునే నమ్ముకొని బ్రతికిన కొన్ని కుటుంబముల చరిత్రనుండి సమాధానము వెదకుటయే ఈనాటి నా ప్రయత్నము.

మిరపకాయ అనాదిగా మన సొత్తని తలచుచుందుము. అది అమెరికా ఖండమున పుట్టినది. పోర్చుగీసువారి ఓడలలో 16వ శతాబ్దమున మన పడమటి తీరము చేరినది. అంతకుముందు మన వంటలకు ఘాటునిచ్చినవి మిరియములు, అల్లము, ఆవాలు. కావున శ్రీనాథ మహాకవి విస్తరిలో మిరపకాయ యుండుటకు వీలులేదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువున ఏమి వడ్డించెనో వర్ణించినాడు. చదువుచుండగనే నోరూరును, వేసవి భోజనములో ఊరుగాయయు గలదు, మిరపకాయ మాత్రము కానరాదు. ఊరవేయు విద్య మనకు పూర్వమునుండి యున్నది. కాయ పిదప వచ్చినది. ఆ రెండును కలసిన పిమ్మటనే మన నేటి ఆవకాయ, మన కొరివికారము పుట్టినవి.

కొరివికారమునే కొందరు పండుమిరపకాయ పచ్చడి యందురు. చేను ఎఱ్ఱబారిన దినములలో పండ్లను తెచ్చి, కడిగి, తడి లేకుండ తుడిచి ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పు, చింతపండు చేర్చి రోట త్రొక్కి జాడికి ఎత్తుదురు. కొన్నిదినములు ఊరిన పిమ్మట మరల నూరి, కావలసినంత తీసి పోపు పెట్టుకొందురు. ఉప్పు చాలనిచో బూజు పట్టును. తడి తగిలినచో చెడును. తొందరపడినచో పచ్చివాసన పోదు. ఉప్పు, పులుపు, ఓపిక అను ఈ మూడే దాని రక్షకులు.

ఆశ్చర్యమేమన, ఈ విధానమునకు దగ్గర చుట్టమైన దానిని నమ్ముకొని అమెరికాలో ఒక కుటుంబము నూటయేబది యేండ్లకు పైగా వ్యాపారము నడపుచున్నది. లూసియానా రాష్ట్రమున ఏవరీ దీవి యను చోటు గలదు. అది భూగర్భమందలి పెద్ద ఉప్పుగుట్టపై నిలిచిన నేల. అచట ఎడ్మండ్ మెకిల్హెన్నీ అనునతడు 1868లో అమ్మకమునకై మిరప పంట వేసి టబాస్కో అను కారపు రసమును ఆరంభించెను; 1870లో దానికి పేటెంటు పొందెను. అంతకుముందు అతడు బ్యాంకు వ్యవహారములు చూచినవాడు. అంతర్యుద్ధమువలన ఆ జీవనము చెడినది. పండుమిరపను దంచి, ఉప్పు కలిపి, ఓక్ చెక్క పీపాలలో నింపి, పీపా మూతపై మరల ఉప్పు పఱచి, మూడేండ్లవరకు ఊరనిత్తురు. పిదప వెనిగరు కలిపి, వారములతరబడి త్రిప్పి, వడగట్టి సీసాలకు పట్టుదురు. కోయవలసిన పండు రంగెట్లుండవలెనో తెలియుటకు కూలివారికి ఎఱ్ఱరంగు పూసిన చిన్న కఱ్ఱ నిత్తురట! కంటి అంచనాకు విడువక కొలత పెట్టిరన్నమాట. నేడు పంటలో ఎక్కువభాగము ఇతర దేశములలో పండినను విత్తనము మాత్రము ఆ దీవినుండియే పోవును. సంస్థ నేటికిని ఆ కుటుంబముదే.

ఇక మన తెలుగునాటికి వత్తము. అంగడిలో పచ్చడి కొనుట యిల్లాలికి నామోషి యని యెంచిన కాలమొకటి యుండెను. పట్టణములలో ఇండ్లు ఇరుకైనవి, ఆడువారు ఉద్యోగములకు పోజొచ్చిరి, పిల్లలు విదేశములకు వెడలిరి. రోలుకు చోటు లేదు. నాలుక మాత్రము పాతరుచినే కోరును. ఆ సంధికాలమున, 1980లో, ప్రియా పచ్చళ్లు వెలువడినవి. వాటిని ఆరంభించిన రామోజీరావుగారు కృష్ణాజిల్లా పెదపారుపూడిలో వ్యవసాయ కుటుంబమున 1936లో జన్మించినవారు. 1962లో మార్గదర్శి చిట్ఫండును, 1974లో విశాఖపట్టణమున ఈనాడు పత్రికను స్థాపించినవారు. 2024 జూన్ 8న వారు పరమపదించిరి. సంస్థలు కుటుంబము చేతిలో నున్నవి. ఇంటి జాడి అంగడి సీసా యగునపుడు వచ్చు చిక్కు మీరు గ్రహింపవలెను. ఇంటి ఆవకాయ ఒక యేడు ఉప్పగాను, ఒక యేడు ఘాటుగాను ఉన్నను మనము సర్దుకొందుము. వెల యిచ్చి కొన్నవాడు సర్దుకొనడు. నిన్నటి సీసాయు నేటి సీసాయు ఒకే రుచి నుండవలెను. చేతి అంచనా అచట చాలదు. తూకము, కొలత, వ్రాత కావలెను.

అదే 1980వ సంవత్సరమున అమెరికాలోని లాస్ఏంజిలిస్ నగరమున మఱియొక కారపు వ్యాపారము పుట్టినది. డేవిడ్ ట్రాన్ అనునతడు వియత్నామునందు పుట్టిన చీనా వంశీయుడు. అచట కుటుంబముతో కలసి మిరప సాసు చేసి, వాడి పారవేసిన గాజుసీసాలలో నింపి అమ్మెడివాడు. 1978 చివర వేలాది శరణార్థులతో హ్యూయ్ ఫాంగ్ అను సరకు ఓడనెక్కి దేశము విడిచెను. అమెరికా చేరిన పిమ్మట తన్ను దాటించిన ఆ ఓడ పేరునే వ్యాపారమునకు పెట్టుకొనెను. తాను పుట్టిన 1945 చీనా పంచాంగమున కోడి సంవత్సరమగుటచే సీసాపై కోడిపుంజు బొమ్మ వేసెను. అదియే శ్రీరాచా అని నేడు మన నగరములలోని హోటళ్లలో సైతము కనబడు ఎఱ్ఱని సాసు. ఎండుకాయతో కాక పచ్చిదనము పోని పండుకాయతో చేయుట దాని విశేషము. కోసిన కాయను వెంటనే నూరవలెను. అనగా పొలము లేనిదే కార్ఖానా లేదు.

ఆ పొలము ఎట్లు దొరకెనో వినుడు. 1988లో కాలిఫోర్నియా రైతు క్రెయిగ్ అండర్‌వుడ్, మీకు మిరప పండించి యిత్తునని ట్రానునకు ఉత్తరము వ్రాసెను. 50 ఎకరములతో మొదలైన సేద్యము వేయి ఎకరములు దాటినది. ఒకరి వృద్ధి ఒకరికి ఊతమై 28 ఏండ్లు నడచినది. తొలుత వ్రాతపత్రము లుండెను. తరువాత నోటిమాటయే పత్రమైనది. 2016లో, ముందిచ్చిన సొమ్మును గూర్చియు, రాబోవు పంట చెల్లింపును గూర్చియు తగవు పుట్టి, బంధము తెగినది. వ్యాజ్యము న్యాయస్థానమున కెక్కెను. 2019లో జ్యూరీ, సాసు సంస్థ ఒడంబడిక తప్పినదనియు, నిజము దాచి మోసగించినదనియు నిర్ణయించి, రైతునకు 2 కోట్ల 33 లక్షల డాలర్లు ఇప్పించెను. రైతుకు అధికముగా ముట్టిన 14 లక్షల డాలర్లకు పైబడిన సొమ్మును తిరిగి యిమ్మనియు తీర్పు చెప్పెను. నష్టమంతటితో తీరలేదు. రైతు వేయి యెకరములు దాటిన మిరప సేద్యమునకు కొనువాడు లేక చిక్కుపడెను. సాసు సంస్థ వేఱు పొలములపై ఆధారపడగా, 2022లో పంట చాలక కొన్నాళ్లు క్రొత్త ఆర్డర్లు నిలిపివేసెను. అంగళ్లలో సీసా దొరకుట గగనమైనది.

లెక్కలవాని కంటితో చూచినచో ఈ కథలో నాకు తోచునది యిది. ఉభయులును ఒకరికొకరు బాకీ పడియుండిరి. ఎంత యిచ్చితిరి, ఎంత ముట్టినది, వచ్చు పంటకు ఏది కట్టుబాటు అనువానిని ఏటేట కూర్చుండి ఒక కాగితమున వ్రాసి యిరువురును సంతకము పెట్టియున్నచో, ఆ 28 ఏండ్ల స్నేహము కోర్టుగుమ్మ మెక్కియుండునా? మనలో వ్రాయుమన్నచో నమ్మకము లేదా యని చిన్నబుచ్చుకొందురు. నమ్మకమున్నపుడే వ్రాసికొనవలెను, అది పోయిన పిదప వ్రాయుటకు ఎవరును కూర్చుండరు.

మన తల్లుల ప్రశ్నకు నా సమాధానము మూడు మాటలు. మొదటిది, కొలత వ్రాయుడు. కాయ యెంత, ఉప్పెంత, కారమెంత, నూనె యెంత, ఏ నెలలో పెట్టితిరి – పుస్తకమునకు ఎక్కవలెను. మీ చేతిలోనే యున్న రుచి మీతోనే పోవును. రెండవది, ఇంటి డబ్బా వేఱు, వ్యాపారపు డబ్బా వేఱు పెట్టుడు. అమ్మకపు సొమ్ముతో బియ్యము తెచ్చి, ఇంటి నూనెతో పచ్చడి పెట్టినచో లాభమో నష్టమో బ్రహ్మదేవుడును చెప్పజాలడు. కోడలు పనిచేసినచో ఆమెకు కూలి వ్రాయుడు. అన్నదమ్ములు విడివడునపుడు తగవు వచ్చునది ఆ వ్రాయని కూలియొద్దనే. 2006 నాటి ఆహార భద్రతా చట్టము ననుసరించి పేరు నమోదు చేయించుకొనుటయు మఱవకుడు.

మూడవది ముఖ్యమైనది. రైతునకు మీ పుస్తకమున ఒక పుట యుండవలెను. 2025 ఆరంభమున మిరప ధర పడిపోగా, ఆంధ్రరాష్ట్రపు రైతులకొరకు కేంద్ర ప్రభుత్వము క్వింటాలునకు 11,781 రూపాయల లెక్కన జోక్యపథకము ప్రకటింపవలసి వచ్చినది. పండించినవాడు కన్నీరు పెట్టిన యేడు కూడ సీసా వెల తగ్గినట్లు ఎవరైన కనుగొంటిరా? అదే 2025లో మన వరంగల్ చపాట మిరపకు భౌగోళిక గుర్తింపు లభించినది. లావుగా, మంచి యెఱుపుతో, ఘాటు తక్కువగా నుండు ఆ కాయ పచ్చళ్లకు పెట్టినది పేరు. నలుగురు తల్లులు కలసి, దళారి దయకు విడువక, ఒక రైతుతో ముందుగనే ధర మాటలాడి, ఆ మాటను కాగితమున పెట్టుకొన్నచో ఇరుపక్షములకు మేలు. ధర పడినపుడు మీరు మాట తప్పకుండుడు. ధర పెరిగినపుడు అతడు తప్పడు. తప్పినచో చూపుటకు కాగితమున్నది.

చివరగా గ్రంథాలయమునకు ఒక విన్నపము. మన అలమరలలో పురాణములు, ప్రబంధములు, నవలలు గలవు. ఈ గ్రామపు పచ్చళ్ల కొలతలు వ్రాసిన పుస్తకము మాత్రము లేదు. ముదుసలి తల్లులు చెప్పుచుండగా బడిపిల్లలు వ్రాయవలెను. ఎవరి కొలత క్రింద వారి పేరు వేయవలెను. ఈ రజతోత్సవ సంవత్సరముననే ఆ పని ఆరంభమగుగాక. మొదటి ప్రతికి అట్ట వేయించు వ్యయము నాది.