దెబ్బను దాచవద్దు
(గోవాడ సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



గోవాడ అంటే చెరకు బళ్లు, చక్కెర ఫ్యాక్టరీ గుర్తుకొస్తాయి. మన పిల్లలు గొలుసుల దగ్గర, రోలర్ల దగ్గర, బాయిలర్ల దగ్గర, ఊళ్లు దాటి మందుల కంపెనీలలో కూడా పనిచేసి ఇల్లు నడుపుతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా మా తప్పు మేమే ఒప్పుకుంటాం. కొన్నేళ్ల క్రిందట దూరాన ఒక చిన్న పనిచోట మన కుర్రాడికి మిషనులో చెయ్యి పడి రెండు వేళ్లు పోయాయి. ఆసుపత్రి చీటీలో ‘ఇంటిదగ్గర దెబ్బ తగిలింది’ అని రాయించారు. వైద్యం ఖర్చు పెట్టి, కొంత సొమ్ము చేతిలో పెట్టారు. మధ్యవర్తులుగా వెళ్లింది మేమే. గొడవ లేకుండా సర్దుబాటు చేశాం గదా అని సంతోషించాం కూడా! ఆర్నెల్లకు ‘నీకు పని లేదు’ అన్నారు. అర్జీ పెడదామంటే ప్రమాదం పనిలో జరిగిందనడానికి కాగితం ముక్క లేదు. అంతకంటే బాధ ఏమిటంటే, ఆ ఏడాదే అదే మిషను మరొకరి చేతిని తిన్నది. మొదటి దెబ్బ పైకి తెలిసివుంటే రెండోది తప్పేదేమో.

పెద్ద ప్రమాదాలు దాచినా దాగవు. 2020 మే 7న విశాఖలో ఎల్.జి. పాలిమర్స్ నుండి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది పోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా మందుల ఫ్యాక్టరీలో పేలుడుకు 17 మంది బలయ్యారు. దేశమంతా చూసింది. మరి మన కుర్రాడి రెండు వేళ్లను ఎవరు చూస్తారు? కాగితం మీదికెక్కితేనే చూస్తారు.

చట్టం ఏమంటుంది? పనిలో మనిషి చనిపోయినా, దెబ్బ తగిలి 48 గంటలు లేక అంతకు మించి పనికి రాలేకపోయినా అధికారులకు నోటీసు పంపాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానంలో అమలులోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ కూడా 10వ సెక్షన్‌లో అదే చెబుతోంది. పంపవలసిన బాధ్యత యజమానిది. కాంట్రాక్టు కూలీకి తగిలినా దెబ్బ దెబ్బే.

మన వంతు మనం చేద్దాం. డాక్టరుకు ఎక్కడ, ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పండి. తేదీ, వేళ, మిషను, చూసినవారి పేర్లు రాసిపెట్టుకోండి. తెల్లకాగితం మీద సంతకం పెట్టవద్దు. ఇ.యస్.ఐ. ఉన్నవారు పనిలో తగిలిన దెబ్బ అనే రాయించుకోండి. లేకుంటే వైద్యం దొరికినా వైకల్యానికి రావలసిన సొమ్ము దక్కడం కష్టం. నోటీసు పంపారా అని మర్యాదగా అడగండి. పంపకపోతే ఫ్యాక్టరీల శాఖకు మనమే రిజిస్టరు పోస్టులో రాసి, నకలు దాచుకుందాం.

‘రాస్తే పని పోతుందేమో’ అని ఆడవాళ్లు భయపడతారు. ఆ భయం అబద్ధం కాదు, ఒంటరిగా వెళ్తే. ఇకమీదట అలాంటి ఇంటికి మేము సర్దుబాటుకు రాము; అర్జీ రాయడానికి కాగితం, కలం పట్టుకొని వస్తాం.

సెలవు. ఖుదా హాఫిజ్.