చెవిలో యంత్రము - చెవికెక్కిన మాట
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వాన కురిసినదని విన్నంతమాత్రమున అనంతపురము రైతు గొర్రు కట్టడు. మండల కార్యాలయములోని వర్షమాపకము ఇన్ని మిల్లీమీటర్లని చెప్పును. అయినను అతడు చేనికి పోయి, మన్ను త్రవ్వి, పదును ఎంత లోతు దిగినదో చూచుకొనును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే కురియు ఈ పీఠభూమిలో ఆ అలవాటు ఊరక వచ్చినది కాదు. వినికిడి లేని పిల్లలకు అమర్చు కాక్లియర్ ఇంప్లాంటు విషయములోను ఇట్టి కొలతయే కావలెనని మనవి చేయుటకు మీ ముందునకు వచ్చితిమి.

2007 ఏప్రిల్ 1వ తేదీన ఆరోగ్యశ్రీ పథకము మొట్టమొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో అనంతపురము ఒకటి. పుట్టు చెవుడుగల పసిపిల్లలకు ఈ శస్త్రచికిత్స ఉచితముగ చేయించు ఏర్పాటు ఆ పథకములో చేరినది. నేడది డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేరున నడచుచున్నది. కేంద్ర ప్రభుత్వపు ఆడిప్ పథకము క్రిందను ఇంప్లాంట్లు లభించుచున్నవి. శస్త్రచికిత్స నాటి ఫొటోలు పత్రికలలో పడును; మూడేండ్ల తరువాత ఆ పిల్ల ఏమి వినుచున్నదో అడుగువారు అరుదు. ప్రచార శాఖవారమైన మేమే ఈ మాట అనుట కొంత వింతయే.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారముగల భాగమొకటి కలదు. మంచి చెవిలో అక్కడ సుమారు 3,500 సూక్ష్మకణములు శబ్దమును గ్రహించి నాడికి అందించును. ఇంప్లాంటులో ఆ పనినంతయు 12 మొదలు 22 వరకు గల ఎలక్ట్రోడులే చేయవలెను. చెవి వెనుక ధరించు యంత్రము మాటను హెచ్చు తగ్గు శ్రుతులనుబట్టి కొన్ని పాయలుగ విడదీసి, ఒక్కొక్క పాయ బలమును ఒక్కొక్క ఎలక్ట్రోడునకు పంపును. ఇంత కొద్దిపాటి సమాచారముతో మాట తెలియునా? 1995లో అమెరికాలో షానన్ మొదలగు శాస్త్రజ్ఞులు మంచి చెవులవారికే మాటను నాలుగు పాయలకు కుదించి వినిపింపగా, నిశ్శబ్దమైన చోట వారు చాలవరకు గ్రహించిరి. సందడిలో మాత్రము ఇంత తక్కువ పాయలు చాలవు.

అయితే ఇంప్లాంటు గలవారికి ఆ మాట ఎట్లు వినిపించును? ఒకరి చెవిలోనికి మరియొకరు తొంగిచూడజాలరు గదా! ఒక చెవి మాత్రమే చెడి, దానికి ఇంప్లాంటు పెట్టించుకొన్న పెద్దలు కొందరు గలరు. అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన మైకేల్ డోర్మన్ బృందము వారి సాయము కోరినది. ఒక వాక్యమును ఇంప్లాంటు చెవికి ఉన్నదున్నట్లు వినిపించిరి. అదే వాక్యమును మంచి చెవికి మార్చి మార్చి వినిపించుచు, “ఇప్పుడు రెండును ఒకటే” అనువరకు సాగించిరి. 2017లో వారు ప్రకటించిన ఫలితములనుబట్టి ఆ ధ్వని అందరికి ఒక్క తీరున లేదు.

రెండేండ్ల పిల్ల అట్లు చెప్పజాలదు. ఆమె ఏ మాటను ఏ మాటనుండి వేరుచేసి పోల్చుకొనుచున్నదో చూడవలెను. “గద”, “గద్ద” అను మాటల భేదము కాలములో నున్నది. యంత్రము దానిని బాగుగనే అందించును. “కట్టు”, “పట్టు”, “తట్టు” అనువానిలో మొదటి హల్లు నోటిలో పుట్టు చోటు మాత్రమే వేరు, కష్టమంతయు ఇక్కడనే. కావున మన పిల్లలను తెలుగు మాటలతోనే పరీక్షింపవలెను. ఎన్ని డెసిబెల్ల శబ్దము వినబడినదనునది వర్షమాపకపు లెక్క. ఎన్ని మాటలు గుర్తించినదనునది పదును.

పట్టణములో ఆడియాలజిస్టు చేయు ఈ పరీక్ష అప్పుడప్పుడు జరుగును. ఇంటివద్ద ప్రతి ఉదయము చేయదగినది మరియొకటి గలదు. డేనియల్ లింగ్ అను విద్వాంసుడు ఏర్పరచిన ఆరు ధ్వనుల పరీక్ష అది: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. మాటలోని తగ్గు శ్రుతినుండి హెచ్చు శ్రుతివరకు ఇవి ఆవరించును. పిల్ల పెదవులను చూడకుండ వెనుక నిలిచి, మామూలు గొంతుతో, వరుస మార్చుచు, ఎడమిచ్చుచు పలుకవలెను. విన్నప్పుడెల్ల పిల్ల గ్లాసులో ఒక చింతపిక్క వేయును. కొంచెము పెద్దయైన పిదప విన్న ధ్వనిని తిరిగి పలుకును. అరచి పలుకరాదు, అరచినచో కొలత చెడును. నిన్న విన్న “స్” నేడు వినబడనిచో బ్యాటరీని, తీగను, మైకును చూడవలెను. అప్పటికిని సరికానిచో కేంద్రమునకు తెలుపవలెను.

వాన తప్పిన ఏట తలిదండ్రులు బెంగళూరునకు వలసపోవుదురు. పిల్ల అవ్వ తాతల వద్ద మిగులును. బ్యాటరీ అయిపోయిన యంత్రము పెట్టెలోనికి చేరును. యంత్రమును పిల్లకు తగినట్లు సవరించు మ్యాపింగు తేదీయు దాటిపోవును. మాట నేర్చు వయస్సు మాత్రము ఆగదు. తొలి ఏండ్లలో చెవికి అందని భాషను పిదప అందించుట మిక్కిలి కష్టము. చేనికి మరుసటి కారు వచ్చును, పిల్లకు రాదు.

మీ గ్రామమున ఇంప్లాంటు గల పిల్లలున్నచో ముందుగ అవ్వకు ఈ ఆరు ధ్వనులు నేర్పించుడు. ఆశా కార్యకర్తయు, అంగన్‌వాడీ కార్యకర్తయు నేర్చుకొన్నచో, తలిదండ్రులు ఊరలేని దినములలో పరీక్ష ఆగదు. మ్యాపింగు తేదీని తలిదండ్రులకు ఫోనున గుర్తుచేయు బాధ్యతను ఒక సభ్యుడు వహింపవలెను. బడిలో ఆ పిల్లను ఉపాధ్యాయునికి దగ్గరగ, వీధి సందడికి దూరముగ కూర్చుండబెట్టవలెను. ఏ దినమున ఏ ధ్వని వినబడలేదో ఒక నోటుపుస్తకమున వ్రాసి, తేదీ వేసి, పట్టణమునకు పోవునాడు వెంట పంపుడు. ఆడియాలజిస్టు మొట్టమొదట అడుగునది అదియే.