నందనవనంలో నిలిచే పూలు



"శాస్త్రిగారూ, నందనవనంలో బాటకు రెండు వైపులా ఏ మొక్కలు నాటితే బాగుంటుందో నాలుగు మాటలు చెప్పండి" అని కార్యనిర్వాహకులు అడిగారు. నేను చదువుకున్నది వ్యాకరణం, ఉద్యానశాస్త్రం కాదు. అయితే 30 ఏళ్లకు పైగా గోదావరి తీరాన మా ఊరి ఆలయతోటలో మట్టి పిసికిన చేతులివి. ఆ తోటలో నేను చేసిన తప్పులు అనేకం. వాటిలో ఒకదానిని మీ ఎదుట ఒప్పుకోవాలన్న కోరికతోనే ఈ ఆహ్వానాన్ని అంగీకరించాను.

ఈ బాట వెంట ఏటా ఉత్సవాలకు ముందు బంతి నారు తెచ్చి నాటుతున్నారు. ఉత్సవం ముగిసిన పక్షం రోజులకు పీకి పారవేస్తున్నారు. మళ్లీ ఏడాది మళ్లీ నారు, మళ్లీ కూలి, మళ్లీ దాతల వద్దకు రసీదు పుస్తకం. ఒకమారు నాటితే ఏళ్ల తరబడి నిలిచి, తన పిల్లలను తానే పెంచుకునే మొక్కలు మనకు ఉండగా ఈ శ్రమ ఎందుకని నా ప్రశ్న. అటువంటి మొక్కలలో దుంపజాతివి కొన్ని, బహువార్షికాలు కొన్ని.

దుంప అనగానే నాకు బాల్యం గుర్తుకు వస్తుంది. అమరకోశం వల్లె వేసే రోజులలో కలువదుంపకు శాలూకమని పేరున్నదని వారివర్గంలో చదువుకున్నాను. చదివిన చాలా ఏళ్లకు గాని ఆ శాలూకాన్ని కన్నులారా చూడలేదు. వేసవిలో ఎండిన చెరువులో ఒక ముసలామె దానిని తవ్వి తీస్తుంటే, ఇదేమిటమ్మా అని అడిగిన పండితుణ్ణి నేను. మా చదువు అట్లా సాగింది.

ఇక నా తప్పు సంగతి. మా ఆలయతోటలో ఒక వృద్ధుడైన తోటమాలి ఉండేవాడు. ఒక ఏడు ఆయన నన్ను అడగకుండానే బాట పొడవునా నేలసంపెంగ దుంపలు నాటాడు. దానినే మనవారు లిల్లీ అని కూడా అంటారు. గడ్డివంటి ఆకులు, మధ్యనుంచి నిటారుగా ఒక కాడ, దానిపై కిందినుంచి పైకి వరుసగా విచ్చుకునే తెల్లని పూలు. సాయంకాలం అయితే చాలు, గర్భాలయం వరకు పరిమళం. నాకు మాత్రం కోపం వచ్చింది. ఈ పువ్వుకు అమరంలో పేరు లేదు, సముద్రాల ఆవలినుంచి వచ్చినది, స్వామికి ఎట్లా సమర్పిస్తామని గద్దించాను. ఆయన ఎదురు చెప్పలేదు. "తమరి చిత్తం అయ్యవారూ" అని, మర్నాడే గునపంతో అన్నీ తవ్వి గట్టున పడవేశాడు.

మరుసటి ఏడు తొలకరికి చూద్దును గదా, అదే వరుసలో పచ్చని మొలకలు! తల్లిదుంప చుట్టూ పెరిగే పిల్లదుంపలు కొన్ని మట్టిలోనే మిగిలిపోయాయి. నేను నేరుగా అర్చకస్వామి వద్దకు వెళ్లి, ఈ విదేశీ పుష్పాన్ని ఏం చేయమంటారని అడిగాను. ఆయన చిరునవ్వుతో, "శాస్త్రిగారూ, మిరపకాయ కూడా మీ అమరంలో లేదు. మరి మన ప్రసాదం పులిహోరను తమరు రెండు మార్లు పెట్టించుకుంటారే!" అన్నారు. నాకు మాట రాలేదు. తరువాత చదివి తెలుసుకున్నాను: నేలసంపెంగ పుట్టిన మెక్సికో దేశమే మన గుమ్మాలకు కట్టే ముద్దబంతికీ పుట్టినిల్లు. నేను దశాబ్దాలుగా ఏ శంకా లేక బంతిపూల తోరణాలు కట్టించినవాణ్ణే! ఏ పువ్వు ఏ దేవతకు తగునో ఆయా ఆలయాల ఆగమం, ఆచారం చెబుతాయి. మీరు ఆ సంగతి అర్చకులను అడగండి, నావంటి వైయాకరణులను అడగవద్దు.

ఆ తోటమాలి వద్దకు వెళ్లి, తప్పయిపోయింది, ఈ మొక్క మర్మం చెప్పమని అడిగాను. "తప్పేముందండి అయ్యవారూ, అదే వచ్చింది కదా" అన్నాడు. ఆయన చెప్పినవి, నేను చేసి చూసినవి ఇవి. 2 నుంచి 3 సెంటీమీటర్ల అడ్డుకొలత గల దుంపను ఎంచుకోవాలి. మరీ చిన్నది ఆ ఏడు పూయదు. 5 సెంటీమీటర్ల లోతున, జానెడు ఎడంలో నాటాలి. సుమారు 3, 4 నెలలకు కాడ లేస్తుంది. ఒకసారి పూచిన దుంప తిరిగి పూయదు, దాని పిల్లలే పూస్తాయి. అందువల్ల 3 ఏళ్లకు పాదు ఇరుకై పూలు తగ్గుతాయి. అప్పుడు ఆకులు పండిన పిమ్మట తవ్వి తీసి, నీడలో నెలరోజులు ఆరబెట్టి, విడదీసి నాటుకోవాలి. ఒక్క బుట్ట దుంపలు అప్పటికి కొన్ని బుట్టలవుతాయి. మాలకు ఒంటిరేకు రకమే శ్రేష్ఠం. ముద్దరకం కుండీలకు అందమే గాని దండలో బరువు. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారు శృంగార్, ప్రజ్వల్ అనే ఒంటిరేకు రకాలను రూపొందించారు. మంచి దిగుబడి ఇస్తాయి.

ఇక్కడే రెండవ తప్పు కూడా చెప్పాలి. పశ్చాత్తాపంతో కలిగిన భక్తి వల్ల ఉదయం సాయంత్రం నేనే నీళ్లు పోశాను. మా తోటది నల్లమట్టి, నీరు ఇంకదు. సగం దుంపలు కుళ్లిపోయాయి. కనుక బాట అంచును జానెడు ఎత్తు చేసి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి గాని దుంపను దించవద్దు.

నీరు నిలిచే చోటు తప్పక ఉంటుంది. బావి పళ్లెం నుంచి నీరు జారిపోయే పల్లంలో మెట్టతామర నాటండి. తడి దానికి ఇష్టం. ఎరుపు, పసుపు పూలు పూచి, నల్లని గట్టి గింజలు కాస్తుంది. కొన్నిచోట్ల వాటిని పూసలుగా గుచ్చుతారు.

కనకాంబరం మన దక్షిణదేశపు సొంత బిడ్డ. వాసన లేదని చిన్నచూపు చూడకండి. కోసిన తరువాత వాడక నిలిచే గుణం ఏ మల్లెకు ఉన్నది? దాని ఎండుకాయ మీద వానచుక్క పడితే చిటపట పగిలి గింజలు చిమ్ముతుంది, పిల్లలకు మంచి వినోదం. ఢిల్లీ కనకాంబరం అనే రకానికి మాత్రం గింజ కట్టదు, కొమ్మలతో నాటుకోవాలి. దీని వేళ్లకు నులిపురుగుల బెడద ఎక్కువ. బంతిమొక్క ఆ పురుగులను అణచివేస్తుంది గనుక రెండింటినీ కలిపి నాటండి. ఇందాక బంతిని నిందించాను గదా, ఇక్కడ దానికి మర్యాద చెల్లిస్తున్నాను.

చామంతికి పొద్దు తగ్గితే గాని పూత రాదు. కార్తీక మార్గశిరాలలో పూచిన పిమ్మట మొక్కను మొదలంటా కోస్తే పిలకలు వస్తాయి. వాటిని వేసవి దాటేవరకు నీడలో కాపాడి, తొలకరికి నాటి, నెలకు తల తుంచితే గుబురుగా పెరుగుతుంది. వెనుక వరుసకు నందివర్ధనం చాలు.

నాభి గురించి ఒక హెచ్చరిక. దుంప నాగలివలె ఉంటుందని సంస్కృతంలో లాంగలి అన్నారు. వానలకు మొలిచి, ఆకు కొసలతో కంచెను పట్టుకొని ఎగబాకి, అగ్నిజ్వాలవంటి పూలు పూస్తుంది. నాకు ఎంతో ప్రియమైన పువ్వు. కాని దుంప ప్రాణాంతకమైన విషం. గన్నేరు కూడా నిలువెల్లా విషమే. పసిపిల్లలు తిరిగే ఈ బాట వెంట రెండూ వద్దు.

తిరుమలలో అనంతాళ్వార్ కథ మీకు తెలియనిది కాదు. గునపం దెబ్బ, స్వామి చుబుకాన పచ్చకర్పూరం అందరికీ గుర్తే. ఆ గునపం చేతబట్టినది పూలమొక్కలకు నీళ్ల కోసం చెరువు తవ్వడానికన్న సంగతి ఎందరికి గుర్తుంటుంది? ఒకనాటి పూలంగిసేవకు ద్రవ్యమిచ్చే దాతలు మనకు ఉన్నారు, వారికి మేలు కలుగుగాక. నీళ్ల గొట్టానికి, ఎరువుకు, తోటమాలి జీతానికి ఇచ్చేవారు తక్కువ. వారి పేర్లు పలకమీద చెక్కరు గనుక కాబోలు. ఈ మాట ధర్మకర్తల వారికి కూడా వినబడాలనే కొంచెం గట్టిగా అంటున్నాను.

మీలో ఎవరి పెరటిలోనైనా నేలసంపెంగ గుబురై ఉంటే, ఆకు పండినవే తవ్వండి. మట్టి దులిపి, కడగకుండా నీడన ఆరబెట్టి తెండి. ప్లాస్టిక్ సంచిలో కట్టితే చెమ్మకు బూజు పడుతుంది, వెదురుబుట్ట మేలు. కార్యాలయంలో ఇవ్వవద్దు, అక్కడ బీరువా కింద పెట్టి మరచిపోతారు. నేరుగా తోటలోకి వచ్చి తోటమాలి చేతికి ఇవ్వండి. ఉదయం పూట నేనూ అక్కడే ఉంటాను.