గర్భవిచ్ఛిత్తి: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

పంచాయతీ సభ్యులారా,

నేడు మేము ప్రస్తావించు విషయము సభలలో సాధారణముగా మాటలాడుకొననిది. అట్లు మాటలాడకుండుట వలననే పలువురు యువతుల ప్రాణములకు ముప్పు వాటిల్లుచున్నది. అది గర్భవిచ్ఛిత్తి, అనగా వాడుకలో కడుపు తీయించుకొనుట.

2015వ సంవత్సరమున భారతదేశమున 1 కోటి 56 లక్షల గర్భవిచ్ఛిత్తులు జరిగినవని పరిశోధకులు అంచనా వేసిరి. వానిలో నాలుగింట సుమారు మూడు వంతులు ఆసుపత్రుల వెలుపల మాత్రలతో జరిగినవే. దీనికి కారణములేమి?

మొదటిది పసితనపు పెండ్లి. పదునెనిమిదేండ్లు నిండకమున్నే కాపురమునకు వచ్చిన పిల్లకు కాన్పుల నడుమ ఎడము పాటించు మార్గములు తెలియవు. తెలిసినను అత్తవారింట నోరు విప్పజాలదు. రెండవది పేదరికము. ఆసుపత్రికి పోయిన నాడు ఆమె కూలితోబాటు తోడు వచ్చినవారి కూలియు పోవును. మూడవది అపవాద భయము. పెండ్లికాని యువతి విషయమున ఇది మరింత అధికము.

శంషాబాదు చెంతనున్న సాతంరాయి ప్రాంతమును చూడుడు. హైదరాబాదు - బెంగుళూరు రహదారి ప్రక్కనే ఉన్నది. 2008 మార్చిలో విమానాశ్రయము ప్రారంభమైన పిమ్మట ఈ పరిసరములకు పనులకై పలు చోట్లనుండి కుటుంబములు వచ్చి చేరినవి. ఆసుపత్రికి దారి గలదు. కాని పుట్టింటికి దూరమై అద్దె గదిలో కాపురముండు యువతికి తోడెవరు? ఆమెకు దగ్గరగా కనబడునది మందుల దుకాణమే.

వైద్యుని చీటి లేక మాత్రలు మ్రింగుట అపాయకరము. పిండము గర్భసంచిలో గాక నాళములో పెరుగుచున్నచో ఆ మాత్రలు పనిచేయవు. నాళము పగిలి లోలోపల నెత్తురు కారి ప్రాణము పోవచ్చును. నాటు పద్ధతులు మరింత ఘోరములు.

చట్టము మాత్రము దారి చూపియే ఉన్నది. 1971 నాటి చట్టము, 2021 సవరణతో, నిర్ణీత కారణములపై 20 వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయముతోను, కొన్ని తరగతుల స్త్రీలకు 24 వారముల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయముతోను గర్భవిచ్ఛిత్తిని అనుమతించుచున్నది. పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతియే చాలును. భర్త సంతకము అక్కరలేదు. పెండ్లికాని స్త్రీలకును ఈ హక్కు సమానమేయని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆమె పేరు అక్రమముగా వెల్లడించు వైద్యునికి సంవత్సరము వరకు కారాగార శిక్ష పడవచ్చును. ఆడశిశువని తెలిసికొని తీయించుట మాత్రము వేరు. గర్భస్థ శిశువు ఆడో మగో తేల్చు పరీక్షను 1994 చట్టము నిషేధించినది.

ఇక మీ కర్తవ్యము. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘపు సమావేశములకు ఆశా కార్యకర్తను, నర్సమ్మను పిలిచి కాపర్-టి మున్నగు మార్గములను స్త్రీలకు చెప్పింపుడు. బాల్యవివాహములను ఆపుడు. నెత్తురు ఆగనిచో క్షణము తడయక 108కి కబురంపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఇట్టి సంగతులను రచ్చబండకు ఈడ్చి తీర్పు చెప్పకుడు. ఊరు నిందించునను భయము లేనిచో ఆమె దుకాణమునకు గాక, వేళకు వైద్యుని యొద్దకే పోవును.