వాసన పట్టలేకపోయాను
(న్యూజెర్సీలో జరిగిన మన వేదిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. పొగాకు బ్యారన్ల పక్కన పెరిగినవాణ్ణి. ఎవరైనా చుట్ట వెలిగిస్తే అర ఫర్లాంగు దూరం నుంచే చెప్పగలను. అలాంటి నేను, కాలేజీ నుంచి సెలవులకొచ్చిన మా అబ్బాయి గదిలో మామిడిపండు వాసన వేస్తుంటే సబ్బేమో అనుకున్నాను. అది వేప్ అని తెలియడానికి ఏడాది పట్టింది.

అంతకుముందు ఒకసారి అడిగాను కూడా, "సిగరెట్లు తాగుతున్నావా?" అని. "ఛీ, లేదు నాన్నా" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదండీ. వాడికీ, వాడి స్నేహితులకీ సిగరెట్ అంటే అసహ్యం. ఇది వాళ్ళ లెక్కలో పొగతాగడం కాదు. పరీక్షల ముందు రాత్రి చేతిలో ఉండే వస్తువు. నేనడిగిన ప్రశ్నే తప్పు.

5 శాతం నికోటిన్ ఉన్న జూల్ పాడ్ ఒకటి దాదాపు ఒక సిగరెట్ పెట్టెతో సమానమని ఆ కంపెనీయే చెప్పేది. మిచిగన్ విశ్వవిద్యాలయం వారి 'మానిటరింగ్ ద ఫ్యూచర్' సర్వేలో, గత 30 రోజుల్లో నికోటిన్ వేప్ చేశామన్న కాలేజీ విద్యార్థులు 2017లో 6 శాతం, 2019లో 22 శాతం. ఆ రెండేళ్ళూ మనం హెచ్-1బి మీద ఎన్ని మీటింగులు పెట్టుకున్నామో గుర్తుందా?

2019 డిసెంబరులో అమెరికా పొగాకు కొనే వయసు 21కి పెంచింది. అదే నెలలో ఇండియా ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం నిషేధిస్తూ చట్టం చేసింది. సిగరెట్లని మాత్రం ముట్టుకోలేదు, అది వేరే కథ. 2020 జనవరిలో ఎఫ్‌డీఏ పండ్ల రుచుల పాడ్‌ల మీద ఆంక్షలు పెట్టి, వాడి పారేసే వేప్‌లని వదిలేసింది. పిల్లలు వాటికి మారారు. మన న్యూజెర్సీ ఆ ఏప్రిల్లో రుచులన్నిటినీ నిషేధించింది. మావాడు చదివే పెన్సిల్వేనియాలో అలాంటి నిషేధం లేదు.

ఇబ్బందిగా ఉన్నా ఒక మాట చెప్పాలి. మన సభలకి విరాళాలిచ్చే పెద్దల్లో గ్యాస్ స్టేషన్లు, కన్వీనియన్స్ స్టోర్లు ఉన్నవారున్నారు. ఒకాయన్ని అడిగితే, "మనం అమ్మకపోతే పక్కవాడు అమ్ముతాడండీ" అన్నారు. నేను జవాబు చెప్పలేకపోయాను. పొగాకు వేసేటప్పుడు మా నాన్నగారూ అదే మాట అనేవారు. ఆ డబ్బుతోనే నేను ఇంజనీరింగ్ చదివాను.

అయినా అడుగుతున్నాను. వయసు చూడకుండా వేప్‌లు అమ్మే దుకాణాల నుంచి విరాళం తీసుకోకూడదని తీర్మానం రాసి తెచ్చాను. దానిమీద ఈ రోజే ఓటింగు పెట్టమని అధ్యక్షులవారిని కోరుతున్నాను.

మావాడు మానెయ్యడానికి ప్రయత్నించడం ఇది మూడోసారి. ఈ సంగతంతా వాడినడిగే చెప్పాను.