అరువు కురులు – సొంత కురులు



నేటి ప్రసంగవిషయము విని మీలో కొందరు నవ్వుకొందురేమో. "సవరములును, నెత్తిపై పెట్టుకొను జుట్టుపట్టికలును పడుచుల ముచ్చట గదా, పెద్దవారమగు మాకేల?" అనవచ్చును. ముచ్చట పడుచులదే. కాని వారు దానిని ఎంతసేపు ధరింతురో, ఎప్పుడు తీసి ప్రక్కన పెట్టగలుగుదురో నిర్ణయించునది తరచుగా ఇంటి పెద్దల నోరు. అందుచేతనే ఈ నాలుగు మాటలు మీతో చెప్పుకొనవలెనని తలచితిని. చర్మవైద్యము చేయుచు నేను చూచిన తలలలో, జబ్బు కొంత జుట్టు తీసికొనిపోగా, ఆ లోపమును దాచుటకై పడిన ఆరాటము తక్కిన జుట్టును తీసికొనిపోయిన తలలు కొన్ని కలవు. ఆ రెండవ నష్టము రానక్కరలేనిది.

జుట్టునకు జుట్టు చేర్చుకొనుట మనకు క్రొత్త గాదు. తిరుమల స్థలపురాణము మీరెరుగనిది కాదు. పుట్టలోనున్న స్వామి తలకు గోపాలుని గొడ్డలి తగిలి కొంత మేర జుట్టు పోగా, నీలాదేవి తన కురులలో ఒక పాయ కోసి ఆ చోట నిలిపినదనియు, భక్తులు సమర్పించు తలనీలములు ఆమెకే చెందుననియు చెప్పుదురు. ఏడుకొండలలో నీలాద్రి ఆమె పేరిటిదే. నేడు కల్యాణకట్టలో తీసిన ఆ తలనీలములనే దేవస్థానమువారు వేలమువేయుదురు. అవి దేశదేశములలో విగ్గులుగను, సవరములుగను మారుచున్నవి. కూచిపూడి భామాకలాపములో సత్యభామ తెర వెనుకనుండి తన జడను తెరపైకి వేయుట ఎంత ఘనమైన ఘట్టమో చూచినవారికి తెలియును. ఆ వేషము కట్టి దేశమంతట పేరుపొందిన వేదాంతం సత్యనారాయణశర్మగారు పురుషులు. ఆ జడ పెట్టుడు జడయే. కావున పెట్టుడు జుట్టు సిగ్గుపడవలసిన వస్తువు కాదని ముందుగా మనవిచేయుచున్నాను.

ఇప్పుడు పట్టణపు అంగళ్లలోను, తపాలాలో తెప్పించుకొన్నచో పల్లెలలోను దొరకుచున్న "టాపరు" సవరమునకు చెల్లెలు వంటిది. సవరము జడ పొడవును, లావును పెంచును. టాపరు మాడుమీది పలుచదనమును కప్పును. అరచేయంత సన్నని వలగుడ్డ. దానికి వెండ్రుకలు ముడివేసియుండును. అడుగున దువ్వెనపండ్లవంటి పండ్లుగల చిన్న క్లిప్పులు మూడో నాలుగో కుట్టియుండును. ఆ పండ్లను సొంత జుట్టులోనికి దూర్చి నొక్కినచో పట్టుకొని నిలుచును. తలనంతయు కప్పునది విగ్గు. ఇది కప్పునది కొంత భాగమే. తక్కినదంతయు ఆమె సొంత జుట్టే కనబడును. మంచి సౌకర్యమే. అయితే ఈ వస్తువు నిలుచుట సొంత జుట్టు బలముమీద. ధరించునదేమో ఆ బలము తగ్గినవారు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మన పల్లెలలో దీనిని గూర్చి ఒక భయము కలదు: తలను కప్పిన గాలి ఆడదు, గాలి ఆడకున్న వెండ్రుక చచ్చును అని. ఇది సరికాదు. వెండ్రుక కుదురు చర్మము లోపల నున్నది; దాని ఆహారము రక్తమువలన వచ్చునుగాని పైగాలివలన రాదు. చర్మము పైకి వచ్చిన వెండ్రుక ప్రాణములేని పోగు. కావున కప్పుటవలన కుదురునకు హాని లేదు. లాగుటవలన హాని యున్నది. ఈ ఒక్క భేదమును పట్టుకొన్నచో నేను చెప్పబోవు జాగ్రత్తలన్నియు మీకే తోచును.

తలపై సుమారు లక్ష వెండ్రుకలుండును. ఒక్కొక్కటి రెండు మొదలు ఆరేండ్లవరకు పెరిగి, మూడు నెలలు విశ్రమించి, రాలును. దాని చోట మరియొకటి మొలచును. దినమునకు 50 మొదలు 100వరకు రాలుట సహజమే. పెరుగుదల నెలకు సుమారు ఒక సెంటీమీటరు, అనగా అరంగుళమునకు కొంచెము తక్కువ. కాన్పు అయినను, టైఫాయిడు వంటి పెద్ద జ్వరము తగిలినను, ఒక్కసారిగా అనేక వెండ్రుకలు విశ్రాంతిలోనికి పోయి, రెండు మూడు నెలల తరువాత దువ్వెననిండ ఊడివచ్చును. చూచువారికి భయము కలుగును. కాని అది చాలమట్టుకు ఏడాదిలోపల తిరిగి వచ్చు జుట్టు. రక్తహీనతవలనను, థైరాయిడు గ్రంథి దోషమువలనను పలుచబడునది మందులతో కుదురుపడును. వయసువలన, వంశమువలన మాడుపై పాపట వెడల్పగునది వేరు. అది మెల్లగా సాగును, పూర్తిగా మరలదు. అట్టివారికే టాపరు ఎక్కువకాలము తోడుగా నుండును.

లాగుటవలన వచ్చు బట్టతల వీనికి చేరనిది. గ్రీన్‌లాండు దేశపు స్త్రీలు జుట్టు పైకెత్తి బిగించి ముడుచుకొనుటచే నుదుటి అంచున జుట్టు పోవుచుండెనని 20వ శతాబ్దపు తొలి యేండ్లలోనే వైద్యులు వ్రాసియుంచిరి. తలపాగా క్రింద జుట్టు గట్టిగా ముడుచుకొను సిక్కు పురుషులలోను ఇది కనబడినది. మొదట కుదురు చుట్టును ఎరుపు, నొప్పి, చిన్న పొక్కులు. పిదప తెగిన పొట్టి వెండ్రుకలు. ఆ దశలో లాగుట మానినచో జుట్టు తిరిగి వచ్చును. ఏండ్ల తరబడి సాగినచో కుదురు మాని మచ్చయై, చర్మము నున్నబడి మెరయును. అటుపై ఏ తైలమును మొలిపింపజాలదు.

మా బంధువుల యింట ఒక కోడలికి రెండవ కాన్పు తరువాత మూడవ నెలలో జుట్టు ఊడుట మొదలైనది. పాపటచెంత తల కనబడుచుండెను. ఆమె పట్టణమునుండి ఒక టాపరు తెప్పించుకొనెను. అంతవరకు బాగే. కాని వచ్చిపోవు చుట్టాలలో ఒకావిడ, "కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే; మరి నీవేమి వేసెదవమ్మా?" అని నలుగురిలో పరిహాసమాడెను. నవ్వినవారు నవ్విరి. ఆనాటినుండి ఆ పిల్ల టాపరు లేక గది వెలుపలికి రాలేదు. పెట్టుకొనియే వంటచేసినది, పెట్టుకొనియే చంటిబిడ్డను ప్రక్కలో వేసికొని నిద్రించినది. జారునేమోయన్న భయముతో క్లిప్పులను నుదుటికి దగ్గరగా, ఎప్పుడును ఒక్కచోటనే బిగించెడిది. నేను చూచునప్పటికి ఎనిమిది నెలలైనవి. విచిత్రమేమనగా, కాన్పుతో ఊడిన జుట్టు మాడంతట తిరిగి మొలచియున్నది. క్లిప్పులు కరచిన రెండుచోట్ల మాత్రము రూపాయబిళ్లలంత బోడి. ఒకటి తరువాత పూడినది. రెండవది నేటికిని పలుచగనే యున్నది. ఆ టాపరును నేను నిందింపను. ఆమెకు దానిని తీసి పెట్టుకొనుటకు ఇంటిలో చోటు లేకపోయెను.

ఇక ధరించు పద్ధతి. కొనునప్పుడే పలుచబడిన మేరను వ్రేళ్లతో కొలువవలెను. అది మూడు వ్రేళ్ల వెడల్పైనచో, టాపరు అడుగుగుడ్డ ఐదు వ్రేళ్ల వెడల్పుండవలెను. అన్ని వైపులను ఒక వ్రేలు మించవలెను. అట్లయినచో క్లిప్పులు ఒత్తుగానున్న జుట్టుపై పడును. చవకయని చిన్నది కొన్నవారి క్లిప్పులు పలుచని జుట్టునే కరచును. మిగిలిన నాలుగు వెండ్రుకలను పెకలించును. పొడవైన జుట్టుగల టాపరు బరువెక్కువ, భుజములవరకున్నది చాలును. క్లిప్పుల లోపల మెత్తని రబ్బరుపట్టీ యున్నదో లేదో చూడవలెను. వంగినదానిని, త్రుప్పుపట్టినదానిని వెంటనే విప్పి క్రొత్తది కుట్టించుకొనవలెను.

తడిజుట్టుపై ఎన్నడును పెట్టరాదు. తడిసిన వెండ్రుక సాగి సులభముగా తెగును. జిడ్డుగానున్న తలపైనను వద్దు. క్లిప్పు జారును, జారునని మరింత బిగింతురు. తలకు నూనె రాచుకొనువారు ముందురాత్రి రాచుకొని, ఉదయము తలంటుకొని, బాగుగా ఆరిన పిదప పెట్టుకొనవలెను. క్లిప్పు పట్టుచోట కొంచెము జుట్టును వేళ్లనుండి దూరముగా వెనుకకు దువ్వి మెత్తవలె చేసికొన్నచో పట్టు కుదురును, బిగింపవలసిన పనియుండదు. అద్దము ముందు నొసలు చిట్లించి చూడవలెను; చర్మము లాగినట్లు తోచినచో అది బిగువే. నాలుగు దినములకొకసారి క్లిప్పుల చోటు అరంగుళము అటునిటు జరుపవలెను, పాపటను మార్చవలెను. భారము ఒకే కుదుళ్లపై పడరాదు. నాగలిని ఒక్క యెద్దుచేతనే దినమంతయు లాగింపము గదా!

ఇంటికి రాగానే తీయవలెను. తీయునప్పుడు క్లిప్పులు ఒక్కొక్కటిగా తెరచి తీయవలెను, పీకరాదు. పండుకొనునప్పుడు దిండురాపిడికి క్లిప్పులు రాత్రియంతయు లాగును గనుక టాపరుతో నిద్రించుట మిక్కిలి హానికరము. స్నానమునకును తీయవలెను. వారములో ఒకటి రెండు దినములైనను తల ఖాళీగా ఉండుట మేలు. తలనొప్పి వచ్చినను, మంట పుట్టినను, పొక్కులు లేచినను, ఆ దినము తీసివేసి, తగ్గువరకు పెట్టుకొనరాదు. నొప్పిని ఓర్చుకొనుట మన యింటి ఆడువారికి చిన్ననాటినుండి నేర్పిన విద్య. ఈ యొక్క విషయములో ఆ విద్య పనికిరాదు.

జిగురుతోను, అంటుపట్టీలతోను అతికించుకొనునవియు కలవు. సొంత జుట్టున్న ఆడువారికి నేను వానిని సలహా యీయను. ఊడదీయునప్పుడు జుట్టు వచ్చును; కొందరి చర్మమునకు జిగురు పడక దద్దురులు లేచును. తప్పనిసరియైనచో ముంగేతి లోపలివైపున కొంచెము రాచి రెండు దినములు చూచి మరీ వాడవలెను. నకిలీపోగుతో చేసిన టాపరులు వెల తక్కువ, కాని పొయ్యి సెగకు ముడుచుకొని కరగును. దీపారాధనచేయునప్పుడును, వంటయింటను తీసివేయుట క్షేమము.

కొన్ని తలలపై దీనిని అసలు పెట్టరాదు. పొలుసులు రాలుచు, దురదపెట్టుచు, జుట్టు తెగిపోవుచున్నచో అది తామర కావచ్చును. ముందు దానికి మందు తినవలెను. బిళ్లబిళ్లగా నున్నగా ఊడునదానిని మనము పేనుకొరుకుడు అందుము. పేను కొరుకుటచే వచ్చునది కాదది; శరీరపు రక్షణశక్తి పొరబడి కుదుళ్లమీద తిరుగబడుటచే వచ్చునది. దానికి వైద్యము కలదు. ఉల్లిపాయతోను, మిరియములతోను రుద్ది పుండుచేయుట మాని వైద్యునికి చూపవలెను. ఆ బిళ్ల అంచున క్లిప్పు కరపింపరాదు. పుట్టకురుపునకు మందు తీసికొని జుట్టు పోయినవారికి తల మిక్కిలి సున్నితముగా నుండును. జుట్టు తిరిగి మూడు నాలుగు అంగుళములు పెరుగువరకు మెత్తని నూలుటోపీయో, తేలికయగు విగ్గో మేలు. గుండు చేయించిన జుట్టు ఒత్తుగా వచ్చునని పలుచబడిన తలలకు క్షౌరము చేయింతురు. కత్తి పైపోగును కోయును. కుదురు సంఖ్య పెరుగదు. మొక్కు వేరు సంగతి, మొక్కు చెల్లించుకొనవలసినదే.

అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఒక మాట. "బిగించి జడవేసిన జుట్టు పెరుగును" అని మీరు బడిపిల్లలకు కణతలు సాగునట్లు జడలల్లుదురు. నుదుటి అంచున సన్నని పుట్టుజుట్టు మొదట పోవునది అట్లే. జడ మెడదగ్గరనుండి ఎంత గట్టిగానైనను అల్లుడు. తలమీద మాత్రము వదులుగా దువ్వుడు. సవరమును మొదటనే కట్టక, సొంత జుట్టును రెండు మూడు అంగుళములు అల్లి, అటుపై సవరపు మూడుపాయలను జడ మూడుపాయలలో కలిపినచో బరువు సమముగా పంచబడును. పూలజడ, జడగంటలు, కుప్పెలు పెండ్లినాడును సీమంతమునాడును ముచ్చటే. హారతి కాగానే విప్పుడు. ఫొటోలకని రాత్రివరకు ఉంచరాదు.

టాపరును ఉతుకుట సులభము. పదిపదిహేను మారులు ధరించిన పిదప, గోరువెచ్చని నీట కొంచెము షాంపూ కలిపి ముంచి, పైనుండి క్రిందికి నిమిరి, మంచినీట జాడించి, తువ్వాలుతో అద్దవలెను, పిండరాదు. నిజజుట్టుతో చేసినదైనచో, దానికి తల జిడ్డు అందదు గనుక ఆరిన పిదప కొసలకు రెండు చుక్కల కొబ్బరినూనె చాలును. ఎండలో పెట్టక, నీడను గాలి తగులుచోట బోర్లించిన గిన్నెపై ఆరనీయవలెను. ఆ గిన్నెకు వసారాలోనో, ఆమె గదిలోనో అందరికిని కనబడుచోట ఒక తావు చూపుడు. పిల్లలు మొదటి దినమున దానిని వింతగా చూతురు. మూడవ దినమునకు అటు తిరిగియైనను చూడరు.